మా వీధి బొటిక్‌కి ఫ్రెంచ్ స్టేటస్ ఎక్కడిది?

కుట్టు కబుర్లు: పాఠకుల ప్రశ్నలకి గుంటూరు బ్రాడీపేట కుట్టు టీచరు జవాబులు

ప్రశ్న: టీచర్ గారూ, వచ్చే మాఘంలో మా అమ్మాయి పెళ్ళి. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బొటిక్‌కి వెళ్తే పెళ్ళి జాకెట్టుకి 18,000 అన్నారు. ఎందుకమ్మా అంత అని అడిగితే, కౌంటర్లో అమ్మాయి గోడ మీద బోర్డు చూపించి, "మాది హాట్ కుట్యూర్ ఆంటీ, ఫ్రెంచ్ స్టేటస్" అంది. మావారు "హాట్ అయితే మరి ఏసీ ఎందుకు?" అని అక్కడే నవ్వి నా పరువు తీశారు. నిజంగా అలాంటి స్టేటస్ ఉందా? ఎవరిస్తారు? మన ఊరి షాపుకి ఇస్తారా?
- ఒక పెళ్ళికూతురి తల్లి, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: ముందు మీవారికి నా నమస్కారాలు చెప్పండి. ఆయన నవ్వడంలో తప్పు లేదు. అది 'హాట్' కాదు, 'ఓట్'. ఫ్రెంచివాళ్ళు మాట మొదట్లో ఉన్న హకారాన్ని మింగేస్తారు. ఓట్ అంటే ఉన్నతమైనది, కుట్యూర్ అంటే కుట్టుపని. మన కుట్టుకీ వాళ్ళ కుట్యూర్‌కీ చుట్టరికం ఏమీ లేదు, వాళ్ళది లాటిన్ నుంచి వచ్చిన మాట. అయినా క్లాసులో ఈ మాట చెప్పినప్పుడల్లా ఒక్క పిల్లయినా "మనదే టీచర్!" అంటుంది. నేనూ కాదనను. ఆ కాస్త సంతోషం పాడుచేయడం ఎందుకు?

స్టేటస్ అయితే ఉంది. ఊరికే గొప్పకి చెప్పుకునేది కాదు, దానికి చట్టం ఉంది. 1945 జనవరి 23న ఫ్రాన్స్ ప్రభుత్వం డిక్రీ తెచ్చింది. అప్పటినుంచి ఆ దేశంలో ఎవరు పడితే వాళ్ళు 'ఓట్ కుట్యూర్' అని రాసుకోవడానికి లేదు. పరిశ్రమల మంత్రిత్వ శాఖ తరఫున ఒక కమిటీ ఉంటుంది. ఏ ఏడాదికి ఆ ఏడాది కూర్చుని, ఆ పేరు ఎవరికి ఉండాలో జాబితా తేలుస్తుంది. కుట్టు కంపెనీల సంఘం కూడా ఇందులో ఉంటుంది. దాని పేరు కాలాన్నిబట్టి మారుతూ వచ్చింది. 2017 నుంచి 'ఫెదెరాసియోఁ ద లా ఓట్ కుట్యూర్ ఎ ద లా మోడ్' అంటున్నారు. పేరు పలకడానికే ఒక ట్రయల్ కావాలి.

ఆ సంఘం 1868లో పుట్టింది. దానికి పదేళ్ళ ముందు చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ అనే ఆయన పారిస్‌లో రూ ద లా పే అనే వీధిలో దుకాణం తెరిచాడు. ఆయన ఫ్రెంచివాడు కాదు, ఇంగ్లండు మనిషి! అప్పటిదాకా కస్టమర్ ఏం చెబితే దర్జీ అది కుట్టేవాడు. ఈయన డిజైన్లు తానే చేసి, భార్యకి తొడిగి చూపించి, ఇందులో ఏది కావాలో చెప్పండి అన్నాడు. కుట్టిన బట్ట లోపల తన పేరుతో లేబుల్ వేశాడు. ఫ్రాన్స్ మహారాణి యూజెనీ కూడా ఆయన దగ్గరే కుట్టించుకుంది. ఆ మాటకొస్తే మన బొటిక్‌ల గోడల మీద ఉండే డిజైన్ ఫోటోలన్నీ వర్త్ గారి చలవే.

మరి చట్టం 1945 దాకా ఎందుకు రాలేదంటారా? నాకు అర్థమైనంతలో దీనికి యుద్ధంతో సంబంధం ఉంది. జర్మన్లు పారిస్‌ని ఆక్రమించాక, ఈ కుట్టు వ్యాపారం మొత్తాన్ని బెర్లిన్‌కీ వియన్నాకీ తరలించాలని చూశారు. అప్పుడు సంఘం అధ్యక్షుడు లూసియన్ లెలాంగ్. ఆయన గొడవ పెట్టుకోకుండా, ఓపిగ్గా వాదించి ఆపాడు. ఆయన వాదన చాలా సాదా. కుట్టే మనిషి ఒక్కడినే తీసుకెళ్తే ఈ పని జరగదు. బొత్తాలు చేసేవాళ్ళు, ఈకలు అమర్చేవాళ్ళు, ఎంబ్రాయిడరీవాళ్ళు, గుడ్డకి మడతలు పట్టేవాళ్ళు అందరూ ఆ ఊళ్ళోనే ఉన్నారు. మన వన్‌టౌన్‌లో లైనింగ్ ఒక సందులో, లేసు ఇంకో సందులో దొరుకుతాయి, రంగు అద్దేవాడు మూడో సందులో ఉంటాడు. ఆ సందుల్ని ఎత్తుకెళ్ళి ఇంకో ఊళ్ళో పెట్టమంటే కుదురుతుందా?

యుద్ధం చివర్లో పారిస్‌లో గుడ్డకి కటకటగా ఉంటే వాళ్ళు బొమ్మలకి బట్టలు కుట్టారు. తీగతో చేసిన బొమ్మలు, రెండడుగుల పైచిలుకు ఎత్తు. పేరున్న కంపెనీలన్నీ తలా కొన్ని కుట్టి 1945 మార్చిలో పారిస్‌లో ప్రదర్శన పెట్టి, తర్వాత వేరే దేశాలకి కూడా తిప్పాయి. మన కొండపల్లి బొమ్మలకి బట్టలు కూడా కర్రలోనే ఉంటాయి, రంగే చీర. వీటికి మాత్రం గుడ్డ బట్టలే, మనుషులకి కుట్టినంత శ్రద్ధగా. ఆ బొమ్మలు ఇప్పుడు అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని మేరీహిల్ మ్యూజియంలో ఉన్నాయి. ఎప్పటికైనా చూడాలని నాకు కోరిక. మా అబ్బాయి సియాటెల్‌లో ఉండి కూడా ఇంతవరకూ తీసుకెళ్ళలేదు.

ఇక షరతులు. పారిస్‌లో సొంత వర్క్‌షాప్ ఉండాలి. అందులో పూర్తికాలం పనివాళ్ళు ఉండాలి, సాధారణంగా చెప్పే లెక్క ఇరవై మంది. ఏడాదికి రెండుసార్లు, జనవరిలోనూ జూలైలోనూ, పగలు వేసుకునేవీ సాయంత్రం వేసుకునేవీ కలిపి కొత్త డిజైన్లు పదుల సంఖ్యలో చూపించాలి. ఈ సంఖ్యలు పెద్ద భారమై కొత్తవాళ్ళు రావడం మానేస్తే, తర్వాత కొంత సడలించారు. ఇవి చేయడం కష్టమే కానీ అర్థం చేసుకోవడం కష్టం కాదు.

నాకు అసలైనదిగా కనిపించే షరతు వేరే ఉంది. బట్ట ఒక మనిషి కోసం, ఆ మనిషి కొలతలకి, ట్రయల్స్ వేసి కుట్టాలి. ముందు అసలు గుడ్డ ముట్టుకోరు. చవక నూలుగుడ్డతో, మనం కోరాగుడ్డ అంటామే దాంతో, నమూనా కుడతారు. ఒంటి మీద వేసి, పిన్నులు గుచ్చి, గీతలు గీసి, మళ్ళీ విప్పేస్తారు. అది కుదిరాకే కత్తెర పట్టు మీదకి వెళ్తుంది. తరచూ కుట్టించుకునే ఆవిడ అయితే, ఆమె ఒంటి కొలతలకి సరిపోయేలా డమ్మీకి దూది పొరలు చుట్టి పెట్టుకుంటారు. ఆమె ఒళ్ళు చేస్తే డమ్మీకి కూడా ఒక పొర పెరుగుతుంది. వర్క్‌షాప్‌లు కూడా రెండు రకాలు. జారిపోయే మెత్తటి గుడ్డలకి ఒకటి, దాన్ని 'ఫ్లూ' అంటారు. కోట్లలాంటి బిగువు పనికి 'తాయర్'. దానిలో చెయ్యి తిరిగినవాళ్ళకి దీనిలో పని చెప్పరు. మన దగ్గర ఒకే మాస్టారు షేర్వాణీ, లంగా ఓణీ, స్కూల్ యూనిఫాం అన్నీ కత్తిరించేస్తారు. అది కూడా ఒక గొప్పేలెండి.

ట్రయల్ దగ్గర నేనొకసారి గట్టి దెబ్బ తిన్నాను. తెనాలి పెళ్ళికూతురు. ఆషాఢంలో వచ్చి కొలత జాకెట్టు ఇచ్చి వెళ్ళింది, శ్రావణంలో పెళ్ళి. కొలత జాకెట్టు ఉంది కదా అని ట్రయల్ వేయకుండానే పంపేశాను. ముహూర్తానికి రెండు గంటల ముందు ఫోన్, చెయ్యి దూరట్లేదని. మా అబ్బాయి స్కూటర్ వెనక కూర్చుని, ఒళ్ళో కత్తెర, సూది, దారం పెట్టుకుని తెనాలి వెళ్ళాను. తీరా చూస్తే ఆ కొలత జాకెట్టు వాళ్ళ అక్కదట! లోపల మార్జిన్ వదిలాను కాబట్టి బతికిపోయాను. పెళ్ళికూతురు గదిలో నేల మీద కూర్చుని కుట్లు విప్పి మళ్ళీ వేస్తుంటే బయట సన్నాయి వినబడుతోంది. ఆ టెన్షన్ పగవాళ్ళకి కూడా వద్దు. ఆ రోజు నుంచి పెళ్ళి జాకెట్టుకి రెండు ట్రయల్స్ లేకుండా నా గడప దాటనివ్వలేదు.

మీ బోర్డు సంగతికొస్తాను. ఫ్రాన్స్ చట్టం ఫ్రాన్స్‌లో. బెంజ్ సర్కిల్లో బోర్డు పెడితే పారిస్ నుంచి ఎవరూ వచ్చి పీకరు. నిజం చెప్పాలంటే 1996లో నా విజిటింగ్ కార్డు మీద కూడా 'కుట్యూర్' అని వేయించుకున్నాను, అదీ స్పెల్లింగ్ తప్పుతో. కాబట్టి ఆ పేరు పెట్టుకున్నందుకు నేను వాళ్ళని అనలేను. కానీ "ఫ్రెంచ్ స్టేటస్ ఉంది" అంటే మాత్రం అది అబద్ధం. 18,000 ఎక్కువో తక్కువో పని చూడకుండా చెప్పలేను. వీపు నిండా, మోచేతుల దాకా జర్దోసీతో మగ్గం వర్క్ అయితే నా దగ్గర ఇద్దరు పనివాళ్ళు పది రోజులు కూర్చునేవాళ్ళు. ఆ కూలీ లెక్కేసుకోండి. మగ్గం ఎక్కడ వేస్తారు, ఎన్ని రోజులు, ట్రయల్ ఎప్పుడు, లోపల మార్జిన్ ఎంత వదులుతారు అని అడగండి. తడుముకోకుండా చెబితే బోర్డు మీద ఏముంటే మీకెందుకు, కుట్టించుకోండి. "అవన్నీ మేం చూసుకుంటాం ఆంటీ" అంటే మాత్రం అడ్వాన్స్ ఇవ్వబాకండి. కొలత జాకెట్టు మీ అమ్మాయిదేనా, అది కూడా ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: మేడమ్, నేను ఫ్యాషన్ డిజైన్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా నాన్నగారిది గుంట మగ్గం. మంగళగిరి చీరలకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది కదా, ఓట్ కుట్యూర్ కూడా అలాంటిదేనా? మన దేశంవాళ్ళకి ఎవరికైనా వచ్చిందా?
- ఒక విద్యార్థిని, మంగళగిరి

జవాబు: రెండూ పేరుని కాపాడేవే, రెండిటికీ ఊరితో ముడి ఉంది. అక్కడితో పోలిక అయిపోతుంది. జీఐ ఊరుమ్మడి ఆస్తి. మీ నాన్నగారు నేసినా, పక్కింటి బాబాయి నేసినా, ఆ పద్ధతిలో నిజాం అంచు వేసి నేస్తే అది మంగళగిరే. రిజిస్ట్రేషన్ పదేళ్ళకి, మళ్ళీ పొడిగించుకోవచ్చు. కుట్యూర్ పేరు అలా కాదు. అది ఒక్కో కంపెనీకి విడిగా ఇస్తారు. పారిస్‌లో కుట్టినంత మాత్రాన రాదు. పక్క కంపెనీకి ఉంటే నీకు ఉన్నట్టు కాదు. పైగా ఏటా పరీక్షే.

సభ్యుల్లో మూడు వరసలున్నాయి. మొదటి వరస పూర్తి గుర్తింపు ఉన్నవాళ్ళు: షనెల్, డియోర్, జివాన్షీ, జాన్ పాల్ గోతియే, స్కాపరెల్లి లాంటివి. రెండో వరస పరదేశపు కంపెనీలు, ఇటలీ నుంచి వాలెంటినో, లెబనాన్ నుంచి ఎలీ సాబ్ వగైరా. వాళ్ళ పని వాళ్ళ దేశంలోనే జరిగినా ప్రదర్శన పారిస్‌లో పెడతారు. మూడో వరస అతిథులు. సంఘం పిలిస్తే వచ్చి, పారిస్‌లో ఈ ప్రదర్శనలు జరిగే వారంలో తమ బట్టలు చూపిస్తారు. మనవాళ్ళు ఈ వరసలోంచి లోపలికి అడుగుపెట్టారు. 2020 జనవరిలో రాహుల్ మిశ్రా వెళ్ళాడు. ఉత్తరప్రదేశ్‌లో కాన్పూర్ దగ్గర పల్లెటూరి కుర్రాడు, 2014లో ఉన్ని బట్టలకిచ్చే అంతర్జాతీయ వూల్‌మార్క్ బహుమతి గెలిచాడు. 2021 జూలైలో వైశాలి షడంగులే వెళ్ళింది. మధ్యప్రదేశ్ విదిశలో పుట్టిన అమ్మాయి, చేనేత గుడ్డే ఆమె బలం. ఈవిడ పని నువ్వు తప్పకుండా చూడాలి. 2023 జనవరిలో గౌరవ్ గుప్తా. పేపర్లలో "భారతీయుడికి ఓట్ కుట్యూర్ హోదా" అని రాసేస్తారు. అతిథిగా పిలవడం వేరు, ఆ పేరు ఇవ్వడం వేరు. విస్తరి వేసి కూర్చోబెట్టినంత మాత్రాన ఇల్లు రాసిచ్చినట్టు కాదుగా!

అయితే పేరు రాకముందే మన చేతులు ఆ బట్టల్లో ఉన్నాయి. ముంబైలో చాణక్య అనే ఎంబ్రాయిడరీ వర్క్‌షాప్ డియోర్‌కి ఏళ్ళ తరబడి పని చేస్తోంది. 2023 మార్చి 30న డియోర్ వాళ్ళు గేట్‌వే ఆఫ్ ఇండియా ముందే షో పెట్టారు. అది కుట్యూర్ షో కాదు, రెడీమేడ్ బట్టలదే, కానీ ఆ పని ఎవరిదో లోకానికి తెలిసింది. ఇంకా దగ్గర్లో చెన్నై ఉంది. పారిస్‌లో లెసాజ్ అని 1924 నుంచి కుట్యూర్ కంపెనీలకి ఎంబ్రాయిడరీ చేసే కుటుంబం. వాళ్ళ అబ్బాయి జాన్ ఫ్రాన్స్వా లెసాజ్ చెన్నైలో స్థిరపడి, తమిళ పనివాళ్ళతో కర్టెన్లకి, కుర్చీ గుడ్డలకి ఆ స్థాయి పని చేయిస్తున్నాడు. విజయవాడలో పొద్దున్నే పినాకిని రైలు ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై. ప్రాజెక్ట్ వర్క్ అప్పుడు మీ కాలేజీవాళ్ళని అడిగి ఉత్తరం రాయించుకో. పారిస్ ఎక్కడికీ పోదు.

ప్రశ్న: టీచరు గారికి, లక్షల ఖరీదు చేసే ఆ గౌన్లు కొనేదెవరు? కొనేవాళ్ళే లేనప్పుడు ఇరవై మందికి జీతాలిచ్చి ఏడాదికి రెండు తిరనాళ్ళు ఎందుకు? నాకు లెక్క కుదరడం లేదు.
- రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మీ జేబులో పెన్ను ఏ కంపెనీదండీ? పియరీ కార్డిన్ అయితే జవాబు అక్కడే ఉంది. మా రిటైర్డ్ హెడ్మాస్టర్ల జేబుల్లో ఎక్కువగా కనిపించేది అదే. ఆ పేరు ఒక కుట్యూర్ డిజైనర్‌ది. డియోర్ దగ్గర పనిచేసి, 1950లో సొంతంగా మొదలుపెట్టాడు. 1959లో పారిస్‌లో ప్రింటాం అనే పెద్ద బట్టల దుకాణంలో రెడీమేడ్ పెట్టేసరికి సంఘంవాళ్ళకి ఆయనతో చెడింది. తర్వాత అందరూ అదే దారి పట్టారు. ఆయన తన పేరుని పెన్నులకీ, టైలకీ, పెర్ఫ్యూమ్‌లకీ, వందల రకాల వస్తువులకీ అద్దెకిచ్చాడు.

గౌను కొనేవాళ్ళు ప్రపంచం మొత్తమ్మీద కొన్ని వేల మందే. వాళ్ళ మీద లాభం రాకపోయినా ఫరవాలేదు. ఆ గౌను ఫోటో చూసినవాళ్ళలో కొన్ని లక్షల మంది అదే పేరున్న లిప్‌స్టిక్ కొంటారు. షనెల్ 1921లో తెచ్చిన నంబర్ 5 సెంటు ఇప్పటికీ అమ్ముడుపోతోంది. మన స్వీటు షాపువాళ్ళు నేతి మైసూర్‌పాక్ అద్దాల్లో పెట్టి, మిక్చర్ మీద డబ్బు చేసుకున్నట్టు. బ్యాంకులో చేశారు కాబట్టి, గుడ్‌విల్ అనే ఖాతా మీకు నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: ఒకసారి ఆ పేరు వస్తే ఇక శాశ్వతమేనా?
- తెనాలి నుంచి పాఠకురాలు

జవాబు: కాదు. యుద్ధం అయ్యాక వందకు పైగా కంపెనీలు ఉండేవి, ఇప్పుడు పూర్తి గుర్తింపు ఉన్నవి ఇరవై లోపే. క్రిస్టియన్ లక్రువా అని ఒక డిజైనర్, 1987లో మొదలుపెట్టాడు, రంగులంటే ప్రాణం. ఆయన బట్టలు చూస్తే మన సంక్రాంతి ముగ్గులు గుర్తొస్తాయి నాకు. మెచ్చుకోనివాళ్ళు లేరు, లాభం మాత్రం కనబడలేదు. 2009లో దివాలా తీసి కుట్యూర్ మూతపడింది. చప్పట్లతో జీతాలివ్వలేం కదా.

మూతపడినవి తిరిగి రావడమూ ఉంది. స్కాపరెల్లి 1954లో మూసేసింది. కొత్త యజమాని చేతిలో తెరుచుకుని 2017లో ఆ పేరు సంపాదించింది. బలెన్సియాగా అనే డిజైనర్ 1968లో కత్తెర పక్కన పెట్టేశాడు. 53 ఏళ్ళ తర్వాత, 2021 జూలైలో, ఆయన పాత హాలునే మళ్ళీ అలాగే తయారుచేసి కొత్తవాళ్ళు కుట్యూర్ చూపించారు. సంగీతం పెట్టలేదు. నడుస్తుంటే గుడ్డ చప్పుడే. పట్టు చప్పుడు విని అది పట్టో కాదో చెప్పే మా మేనత్త అక్కడుంటే ఎంత మురిసిపోయేదో.

ప్రశ్న: టీచర్, నేను 2009లో మీ దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు వస్త్రలత దగ్గర ఒక షాపులో హెమ్మింగ్, హుక్కులు కుడుతున్నాను. పారిస్‌లో కుట్టేవాళ్ళకి పేరొస్తుందా, లేక అక్కడ కూడా ఓనరుకేనా?
- మీ స్టూడెంట్, విజయవాడ వన్‌టౌన్

జవాబు: లేబుల్ మీద ఓనరు పేరేనమ్మా. కుట్టేవాళ్ళని అక్కడ 'చిన్న చేతులు' అంటారు, ముద్దుగానే. వాళ్ళ మీద ఒక పెద్దావిడ ఉంటుంది, ఆవిడ మాటకి డిజైనర్ కూడా ఎదురు చెప్పడు. 2016 జూలైలో షనెల్ షోలో వాళ్ళ డిజైనర్ కార్ల్ లాగర్‌ఫెల్డ్ ఒక మంచి పని చేశాడు. వర్క్‌షాప్ మొత్తాన్ని వేదిక మీదకి తెచ్చాడు. మోడల్స్ చుట్టూ నడుస్తుంటే, కుట్టేవాళ్ళు టేబుళ్ళ ముందు కూర్చుని కుడుతూనే ఉన్నారు. చివర్లో ఆ పెద్దావిడలతో కలిసి ఆయన దండం పెట్టాడు.

ఇంకో ముచ్చట. నవంబరు 25 వాళ్ళకి సెయింట్ కేథరిన్ పండగ. ఇరవై ఐదేళ్ళు వచ్చి పెళ్ళికాని అమ్మాయిలకి ఆ రోజు వర్క్‌షాప్‌లో పచ్చ, పసుపు రంగుల టోపీలు పెట్టి సందడి చేస్తారు. పెళ్ళికాలేదని మన దగ్గర అయితే దెప్పుతారు, వాళ్ళు టోపీ కుట్టి పెడతారు.

నీ హుక్కుల పని నాకు ఇంకా గుర్తుంది. లాగినా ఊడేది కాదు. మొగల్రాజపురం అమ్మ ఎక్కడ కుట్టించినా, పెళ్ళి జాకెట్టుకి హుక్కులు నీ చేత వేయించుకోమని నా మాటగా చెబుతాను. నీ నంబరు పత్రికవాళ్ళకి పంపు.